నేలా పెరుగుతుంది, జుట్టూ పెరుగుతుంది!

తలకి రంగు వేసుకునే అలవాటున్న అక్కచెల్లెళ్లకి ఒక లెక్క నేను చెప్పక్కర్లేదు. రంగు వేసుకున్న రోజున అద్దంలో చూసుకుంటే పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంటుంది. నెల తిరిగేసరికి పాపిట పక్కన తెల్లగీత తొంగిచూసి "నేనెక్కడికీ పోలేదు సుమా!" అంటుంది. జుట్టు నెలకి ఇంచుమించు ఒకటింబావు సెంటీమీటరు పెరుగుతుంది మరి. మనం వద్దంటే ఆగుతుందా?

అయితే జుట్టుతో పోటీపడి నేల కూడా పెరిగే ఊరొకటుందంటే మీరు నమ్ముతారా? నేనూ నమ్మలేదు. 2025 వేసవిలో మూడు నెలలు ఆ ఊళ్లో ఉండి, కళ్లారా చూసి, ఒళ్లారా వణికి వచ్చాక నమ్మాను. ఆ ముచ్చట మీతో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఆ ఊరి పేరు పొజ్జువోలి. ఇటలీ దేశంలో నేపుల్స్ నగరానికి పడమటగా, సముద్రం ఒడ్డున ఉంది. మా అమ్మాయి నేపుల్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, సముద్రం కనపడుతుందని ఈ ఊళ్లో ఇల్లు తీసుకుంది. అంతవరకు బాగానే ఉంది. 2025 మార్చి 13న అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతంలో అక్కడ భూమి కంపించింది. తీవ్రత 4.6. నలభయ్యేళ్లలో అంత గట్టిగా ఎప్పుడూ రాలేదట. పొద్దున్నే టీవీలో చూసి నా కాళ్లలో సత్తువ పోయింది. ఫోను చేస్తే "ఏం కాలేదమ్మా, పడుకున్నాను" అంటుంది పిల్ల!

ఇక ఆగలేదు. వీసా తెచ్చుకుని మే నెలలో బయల్దేరాను. చూసిరావడానికి అని అందరితో చెప్పాను గానీ, అసలు సంగతి వేరు. దాన్ని వెంటబెట్టుకు వచ్చేయాలని. తిరుగు టిక్కెట్లు రెండు కొన్నాను. ఒకటి నాకు, ఒకటి దానికి. ఆ మాట దానికి చెప్పలేదు.

బురదలో పడవలు

నేపుల్స్ నుంచి పొజ్జువోలికి అరగంట రైలు ప్రయాణం. కిటికీలోంచి నీలంగా సముద్రం, గట్ల మీద నిమ్మచెట్లు, పసుపూ గులాబీ రంగుల మేడలు. "ఇంత చక్కటి చోటా భయపడింది!" అనుకున్నాను. రైలు దిగీ దిగగానే ముక్కుకి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టింది. "అది గంధకం అమ్మా. రెండ్రోజుల్లో అలవాటైపోతుంది" అంది మా అమ్మాయి. ఊరి పైభాగంలో సోల్ఫతారా అని ఒక అగ్నిపర్వత ముఖం ఉంది. అక్కడి నేల కన్నాల్లోంచి రాత్రింబవళ్లు ఆవిరి చిమ్ముతుంది. ఒక కన్నంలో ఆవిరి వేడి 160 డిగ్రీల దాకా ఉంటుందట. లోపల ప్రమాదం జరిగాక 2017లో యాత్రికులకి దాన్ని మూసేశారు. వాసనకి మాత్రం ఎవరు తాళం వేస్తారు? నా కాలి వెండి పట్టాలు పది రోజులకే నల్లబడ్డాయి. గంధకం గాలి తగిలితే వెండి అంతే. చింతపండు కోసం వెతికితే దొరకలేదు. ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి తోముకున్నాను.

రేవు దగ్గరికి వెళ్తే మరో చిత్రం. చిన్న పడవలు కట్టేసే రేవులో నీళ్లు వెనక్కి పోయి, పడవలు బురదలో ఒక పక్కకి ఒరిగి కూచున్నాయి. "ఇది ఆటు సమయమా?" అని అడిగాను. సముద్రపు ఊరి మనిషిని కదా, అలాగే తోచింది. మా అమ్మాయి నవ్వింది. "నీళ్లు తగ్గలేదమ్మా. నేల లేచింది."

పూరీ పొంగినట్టు

ఈ నేల సంగతేమిటో నాకర్థమైనంతలో చెబుతాను. మనం అగ్నిపర్వతమంటే కొండే అనుకుంటాం. ఇక్కడ కొండ కాదు, పన్నెండు పదిహేను కిలోమీటర్ల వెడల్పున పెద్ద మూకుడులాంటి పల్లం. సగం నేల మీద, సగం సముద్రంలో. దీన్ని కాంపి ఫ్లెగ్రేయి అంటారు. మండే పొలాలని అర్థం. ఆ మూకుడులోనే ఊళ్లున్నాయి, బళ్లున్నాయి, ఆస్పత్రులున్నాయి. ప్రమాదం వస్తే ఖాళీ చెయ్యాల్సిన ప్రాంతంలో ఇంచుమించు అయిదు లక్షల మంది కాపురముంటున్నారు.

కింద కొన్ని కిలోమీటర్ల లోతులో వేడీ ఆవిరీ ఒత్తిడి చేస్తే, పైనున్న నేల నూనెలో పూరీ పొంగినట్టు పైకి లేస్తుంది. ఒత్తిడి తగ్గితే మెల్లగా దిగుతుంది. అలా లేచేటప్పుడు లోపలి రాళ్లు పగులుతాయి. అవే ఈ భూకంపాలు. ఈ లేవడం దిగడాన్ని అక్కడివాళ్లు బ్రాడిసీజ్మో అంటారు. గ్రీకు మాటల్లోంచి వచ్చిందట, నెమ్మది కదలిక అని అర్థం.

నమ్మనివాళ్లకి సాక్ష్యం ఊరి మధ్యలోనే ఉంది. రోమనుల కాలం నాటి బజారొకటి. తవ్వకాల్లో సెరాపిస్ దేవుడి విగ్రహం దొరికిందని మొదట గుడి అనుకున్నారు. తర్వాత తేలింది, మన రైతుబజారు లాంటిదేనని. అందులో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. నేల మీంచి ఏడు మీటర్ల ఎత్తు దాకా వాటికి జల్లెడలా చిల్లులు! రాయిని తొలిచే సముద్రపు గుల్లలు చేసిన చిల్లులవి. సముద్రంలో బతికే గుల్ల అంత ఎత్తుకి ఎలా ఎక్కింది? అది ఎక్కలేదు. స్తంభాలే ఒకప్పుడు సముద్రంలోకి దిగి, తిరిగి పైకొచ్చాయి. 1830లో చార్లెస్ లయెల్ అనే శాస్త్రవేత్త తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముందు బొమ్మగా ఈ స్తంభాలనే వేయించాడు.

ఒక్కసారి పొంగడంతో ఆగలేదు కూడా. 1538లో నేల పగిలి నిప్పులు కక్కి, వారం రోజుల్లో కొత్త కొండే పుట్టింది. దాని పేరే కొత్తకొండ, మోంతె నువోవో. దాని కింద ఒక పల్లె కప్పడిపోయింది. ఇప్పుడా కొండ మీద చెట్లు పెరిగాయి, ముసలాళ్లు పొద్దున్నే నడకకి వెళ్తున్నారు.

మన కాలానికొస్తే, 1970 నుంచి 72 దాకా నేల మీటరున్నర దాటి లేచింది. 1982 నుంచి 84 దాకా మరో మీటరూ ఎనభై సెంటీమీటర్లు లేచింది. తర్వాత ఇరవయ్యేళ్లు మెల్లగా దిగుతూ వచ్చి, 2005 నుంచి మళ్లీ లేవడం మొదలెట్టింది. నేను వెళ్లేనాటికి అది మొత్తం మీటరూ నలభై సెంటీమీటర్ల దాకా లేచింది. ఆ వేసవిలో నెలకి సెంటీమీటరున్నర వంతున లేస్తోందని పరిశోధన కేంద్రంవాళ్లు చెబుతున్నారు.

"చూశారా! నా జుట్టూ, మా ఊరూ దాదాపు ఒకే లెక్కన పెరుగుతున్నాయి. జుట్టుకైతే రంగు వేసుకుంటున్నాను. ఊరికేం వెయ్యను?" అంది ఇంటావిడ. ఆవిడ గురించి చెప్పొద్దూ మరి!

ఇంటావిడ సంచీ

మా అమ్మాయి అద్దెకున్న ఇంటి యజమానురాలు కింది వాటాలో ఉంటుంది. డెబ్భై రెండేళ్ల మనిషి. ఆవిడకి తెలుగు రాదు, నాకు ఇటాలియన్ రాదు. ఫోనులో అనువాదం కొంతా, చేతులు తిప్పడం కొంతా, సాయంత్రం మా అమ్మాయి వచ్చాక మిగతాదీ. ఆవిడ నన్ను సిన్యోరా అనేది. నేను "అక్కా" అనేదాన్ని. రెండో వారానికి ఆ మాట ఆవిడకి అర్థమైపోయింది. నెత్తళ్లు మా ఇద్దరినీ కలిపాయి. వాళ్లు అలీచి అంటారు. పిండిలో దొర్లించి వేయిస్తుంది ఆవిడ. ఉప్పూ కారం పసుపూ పట్టించి నేను వేయించి పెడితే, కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రెండోసారి వేయించుకుంది.

ఆవిడ పుట్టింది ఊళ్లోకెల్లా పాత పేటలో, రియోనే తెర్రా అంటారు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన గట్టు మీద ఉంటుంది. 1970 మార్చి 2న సైన్యం, పోలీసులు వచ్చి ఆ పేటనంతా ఖాళీ చేయించారు. మూడువేల మంది. ఆవిడకప్పుడు పదిహేడేళ్లు. "పొయ్యి మీద సాసు ఉడుకుతోంది. దింపి, మూత పెట్టి వచ్చాం, సాయంత్రానికి తిరిగొస్తామని" అంది. తిరిగి ఆ ఇంటికి వెళ్లిందే లేదు. మళ్లీ 1983లో, చంకలో చంటిపిల్లాడితో, ఇంకోసారి ఊరు విడిచింది. అప్పుడు వేల కుటుంబాల్ని కదిలించి, కొండల వెనక మోంతెరుషెల్లో అని కొత్త పేట కట్టారు. ఇళ్లు బాగానే ఉన్నా సముద్రం కనపడదు, చేపల బజారు దూరం. ఏళ్ల తర్వాత ఆవిడా భర్తా తిరిగొచ్చేశారు.

ఆవిడ ఇల్లు చూస్తే మీరు ముచ్చటపడతారు. బీరువాలు గోడకి మేకులతో బిగించి ఉంటాయి. మంచం తలాపున ఒక్క పటం కూడా ఉండదు. గాజు సామానంతా కింది అరల్లో, అడుగున రబ్బరు చాప. మంచం పక్కనే తొడుక్కునే బూట్లు, ఎందుకంటే అర్ధరాత్రి అద్దాలు పగిలితే ఉత్త కాళ్లతో నడవలేం. తలుపు పక్కన కొక్కేనికి ఎప్పుడూ ఒక సంచీ వేలాడుతుంది. ఒకరోజు విప్పి చూపించింది. ఇంటి కాగితాల నకళ్లు, పదిహేను రోజుల బీపీ మాత్రలు, టార్చి, ఈల, నీళ్ల సీసా, పాత కళ్లజోడు, చిల్లర డబ్బు, ఉన్ని శాలువా. అడుగున తలకేసుకునే రంగు పాకెట్టు, ముదురు గోధుమరంగుది, దాంతో ఒక దువ్వెన!

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. "మొదటిసారి ఊరొదిలినప్పుడు మా అమ్మ నెలల తరబడి అద్దం చూసుకోలేదు. అప్పటికప్పుడే ముసలిదైపోయింది. గుడారంలో పడుకోవాల్సివస్తే పడుకుంటాను. అక్కడ కూడా నేను నాలాగే ఉండాలి కదా" అంది.

నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఎందుకంటారా? మాది కృష్ణాజిల్లా దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నాటికి నాకు పద్నాలుగేళ్లు. డాబా ఉన్నవాళ్లింటి మీదకెక్కి మేం బతికాం. మా మేనత్త బతకలేదు. పదివేల మంది దాకా పోయారని సర్కారు లెక్క. మా ఊళ్లవాళ్ల లెక్క అంతకన్నా పెద్దది. సహాయ శిబిరానికి చేరాక ఏం కావాలమ్మా అని ఎవరో అడిగితే, మా అమ్మ అడిగిన మొదటి వస్తువు దువ్వెన. ఉప్పునీళ్లకి అట్టలు కట్టిన నా జుట్టుని ఒళ్లో పెట్టుకుని, చిక్కు తీసి, రెండు జడలు వేసింది. వేస్తున్నంతసేపూ ఏడ్చింది. జడలు వెయ్యడం మాత్రం ఆపలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఫోను ఏం అనువదించిందో తెలీదు గానీ, ఆవిడ నా తల నిమిరింది.

సోఫియా లోరెన్ మా ఊరి పిల్ల

పొజ్జువోలిలో ఎవరింటికి వెళ్లినా రెండు మాటలు తప్పకుండా వింటారు. ఒకటి బ్రాడిసీజ్మో, రెండు సోఫియా లోరెన్. ఆవిడ 1934లో రోములో పుట్టినా, పెరిగింది ఇక్కడే, అమ్మమ్మగారింట్లో. యుద్ధకాలంలో బాంబులు పడుతుంటే రాత్రిళ్లు రైలు సొరంగంలో తలదాచుకున్నారట. ఒకసారి బాంబు పెంకు గడ్డానికి తగిలి గాయమైంది. ఆకలితో పుల్లలా ఉన్న ఆ పిల్లే తర్వాత ప్రపంచాన్ని ఊపేసింది.

ఇంటావిడకి పాత సినిమాల పిచ్చి. వారానికి రెండు వేసేది. మొదట చూపించింది 'లా చోచారా', 1960 నాటి నలుపు తెలుపు చిత్రం, దర్శకుడు విట్టోరియో డి సీకా. బాంబుల భయానికి ఒక తల్లి కూతుర్ని తీసుకుని రోము విడిచి సొంత పల్లెకి పోతుంది. పిల్లని కాపాడుకోవాలని ఆమె పడని పాట్లుండవు. చివరికి తిరిగొచ్చే దారిలో, ఎవరూ లేని చర్చిలో, తల్లీకూతుళ్లిద్దరికీ జరగకూడనిది జరుగుతుంది. పాతికేళ్ల వయసులో లోరెన్ ఆ తల్లి వేషం వేసి ఆస్కార్ తెచ్చుకుంది. ఇంగ్లీషు కాని భాషలో నటించి ఉత్తమ నటి ఆస్కార్ గెలిచినవారిలో ఆవిడే మొదటిది.

సినిమా అయ్యాక నాకు నిద్ర పట్టలేదు. కూతుర్ని కాపాడుకోవాలని ఊరు విడిచిన తల్లి కథ, రెండు టిక్కెట్లు పెట్టెలో దాచుకున్న తల్లి చూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

బదులుగా నేను ఫోనులో మన 'మాయాబజార్' చూపించాను. సావిత్రమ్మ ఘటోత్కచుడిలా గంభీరంగా అడుగులేస్తుంటే, మాట అర్థం కాకపోయినా ఇంటావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. 1957లో నలుపు తెలుపుల్లో వచ్చిన ఆ సినిమాకి రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారని చెబితే మాత్రం మొహం చిట్లించింది. "పాత సినిమాకి రంగెందుకు? అది ఎలా ఉందో అలాగే అందం!" అంది. "మరి మన తలలకో?" అన్నాను. "సినిమాకి వయసు రాదు. మనకొస్తుందిగా!" అని తేల్చేసింది.

జలగల రంగు

తలకి రంగు అనేది ఈనాటి షోకు అనుకుంటాం గానీ, ఆ ఊరి చుట్టుపక్కల అది రెండువేల ఏళ్ల నాటి ముచ్చట. పొజ్జువోలి పక్కనే మిజేనం అని రోమనుల నౌకాదళం రేవు ఉండేది. దానికి అధిపతిగా పనిచేసిన ప్లినీ ప్రకృతి గురించి 37 భాగాల పెద్ద గ్రంథం రాశాడు. అందులో జుట్టు నల్లబడే చిట్కా ఒకటుంది. జలగల్ని పులిసిన ద్రాక్షరసంలో వేసి, సీసపు పాత్రలో రోజుల తరబడి కుళ్లబెట్టి తలకి పట్టించాలట! అది రాసుకునేటప్పుడు నోట్లో నూనె పుక్కిట పట్టాలి, లేకపోతే పళ్లు కూడా నల్లబడతాయట! ఆ ప్లినీయే క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు, జనాన్ని తప్పించడానికి ఓడలు వేసుకెళ్లి ఆ ఒడ్డునే ప్రాణం విడిచాడు. తల రంగూ, అగ్నిపర్వతమూ ఒకే మనిషి జీవితంలో కలిశాయన్నమాట.

జలగలు మనకొద్దు గానీ, ఇప్పటి రంగులతోనూ జాగ్రత్త అవసరమే. చాలా నల్లరంగుల్లో పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి అది పడదు, దురదా వాపూ వస్తాయి. ఎన్నేళ్లుగా వాడుతున్నా సరే, వేసుకునే 48 గంటల ముందు మోచేతి మడతలో చుక్క రాసి చూసుకోవాలి. నల్ల గోరింటాకు పొడి అని అమ్మేవాటిలో కూడా ఆ రసాయనం కలపడం కద్దు. రసాయనం వద్దనుకుంటే ముందు గోరింటాకు, ఆ తర్వాత నీలిమందు ఆకు పొడి పట్టిస్తే నలుపొస్తుంది. ఓపిక కావాలంతే. పాకెట్టు మీద రాసిన సమయం దాటి రంగు తల మీద ఉంచకూడదు. ఈ చివరి మాట మీకు చెబుతున్నాను గానీ, నేనే తప్పాను. తప్పించింది నేల!

బల్ల కింద ఇద్దరం

2025 జూన్ 30, సోమవారం. మా పాపిట్లో గీతలు రెండూ బయటపడ్డాయి. ఒకరికొకరం రంగు వేసుకుందామని ఇంటావిడ వంటింట్లో కూచున్నాం. నాది ఇంటి నుంచి తెచ్చుకున్న నల్లపాకెట్టు, ఆవిడది ముదురు గోధుమరంగు. టీవీలో 1954 నాటి 'నేపుల్స్ బంగారం' నడుస్తోంది. అందులో లోరెన్ పిజ్జాలమ్మే మనిషి. ప్రియుడి ఇంట్లో మర్చిపోయిన ఉంగరం, పిజ్జా పిండిలో పడిపోయిందని మొగుడితో బొంకుతుంది. పాపం ఆ మొగుడు పిజ్జా తిన్నవాళ్ల ఇళ్ల వెంట తిరుగుతుంటాడు. మేం తలలకి ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని నవ్వుకుంటున్నాం. ఇంకో ఎనిమిది నిమిషాల్లో కడిగేసుకోవాలి.

పన్నెండూ నలభై ఏడు. ముందు గుడుమ్మని చప్పుడు, కిందనుంచి లారీ గుద్దినట్టు. ఆ వెంటనే ఇల్లంతా ఊగింది. నేను తలుపు వైపు లేచాను. ఇంటావిడ నా చెయ్యి పట్టి లాగి, బరువైన చెక్కబల్ల కింద కూచోబెట్టింది. ఊగుతున్నప్పుడు పరుగెత్తకూడదు, పడేవన్నీ మీద పడేది అప్పుడే. పట్టుమని పది సెకన్లుండదేమో. ఆ పది సెకన్లలో నాకు మా ఊరి డాబా, ఆ రాత్రి హోరు, మేనత్త పిలుపు, అన్నీ వినపడ్డాయి. ఆగాక ఆవిడ లేచి గ్యాసు కట్టి, బూట్లు తొడుక్కుని, సంచీ తగిలించుకుని, నన్ను ముందు పెట్టుకుని మెట్లు దిగింది. ఇన్నేళ్ల అలవాటు ఆ చేతుల్లో కనపడింది.

వీధి చివర మైదానంలో జనమంతా చేరారు. తీవ్రత మళ్లీ 4.6 అన్నారు. నేను మా అమ్మాయికి ఫోను చేస్తున్నాను. కలవదు. మళ్లీ చేస్తున్నాను. కలవదు. పట్టాలు తనిఖీ చెయ్యాలని రైళ్లు ఆపేశారట. నా తల మీద రంగుందన్న ధ్యాసే లేదు. చెవి పక్కనుంచి నల్లటి చుక్కలు జాకెట్టు మీద పడుతున్నాయి. అప్పుడు చూసిందో పక్కింటి పిల్ల, "సిన్యోరా, మీ తల!" అని అరిచింది. ఇంతలో ఎవరో నీళ్ల సీసాలు తెచ్చారు. ఒక పెద్దాయన కుర్చీ వేశాడు. నడివీధిలో, ఊరి జనమందరి ముందు, మా ఇద్దరి తలలూ వంచి సీసాలతో నీళ్లు పోసి కడిగారు. భయంతో బిగుసుకున్న మొహాలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. చంటిపిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటావిడ తడి తలతో నిలబడి, లోరెన్ లాగా నడుం మీద చెయ్యి వేసుకుని ఒక తిప్పు తిరిగింది! నేనూ నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను.

మూడు గంటలకి మా అమ్మాయి వచ్చింది. ఆరేడు కిలోమీటర్లు ఎండలో నడుచుకుంటూ. నన్ను చూసి మొదటన్న మాట, "అమ్మా, చెవులేంటి నల్లగా ఉన్నాయి?"

రెండో టిక్కెట్టు

ఆ రాత్రి టిక్కెట్టు సంగతి బయటపెట్టాను. "నాతో వచ్చెయ్ తల్లీ" అన్నాను. అది కోప్పడలేదు. కాసేపాగి, "ఉప్పెన తర్వాత అమ్మమ్మ ఊరెందుకు వదల్లేదమ్మా?" అంది.

పొలంలో ఉప్పు మేటలు వేసినా, బంధువులు బెజవాడ రమ్మన్నా, మా అమ్మ కదల్లేదు. నేనూ అక్కడే కాపురం చేశాను, దాన్ని అక్కడే కన్నాను. ప్రతి నవంబరులోనూ రేడియోకి చెవులు అప్పగించి బతికాం. దానికేం జవాబు చెప్పను?

కానీ ఒక్క మాట. మా ఊరి ధైర్యం, ఆ ఊరి ధైర్యం కళ్లు మూసుకున్న ధైర్యం కావు. మా దగ్గర ఉప్పెన తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక రాగానే కదలడం నేర్చుకున్నాం. అక్కడ 1841లో పుట్టిన వెసూవియస్ పరిశోధన కేంద్రం రాత్రింబవళ్లు నేలని కనిపెట్టి ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని ప్రమాదానికి నాలుగు రంగులు పెట్టుకున్నారు. నేనున్నప్పుడు పసుపు. ఎరుపొస్తే 72 గంటల్లో అందర్నీ దాటించే పథకం ఉంది. ఏ ఊరివాళ్లు ఏ ప్రాంతానికి పోవాలో ముందే రాసిపెట్టారు. అయితే ఆ రంగులు అగ్నిపర్వతానికే. భూకంపం ఏ రంగూ చూపించి రాదు. దానికి గట్టి ఇల్లొక్కటే రక్ష. అందుకని మేమిద్దరం ఒప్పందానికొచ్చాం. ఇంటిని ఇంజినీరు చేత చూపించాలి, బాగాలేదంటే మారాలి. రంగు పసుపు దాటి నారింజకి తిరిగిన రోజున, ఎరుపు దాకా ఆగకుండా, వాదన లేకుండా మొదటి రైలెక్కాలి. ఇంటావిడ సాక్షి. తర్వాతి వారం ఇంజినీరు వచ్చి, గోడలూ స్తంభాలూ తట్టి చూసి, ఫరవాలేదన్నాడు. రెండో టిక్కెట్టు రద్దు చేసుకున్నాను. సగం డబ్బు పోయింది.

నేను చేసింది మంచో చెడో నాకిప్పటికీ తెలీదు. మీలో పిల్లల్ని దూరదేశాలకి పంపిన తల్లులకి నా మనసు తెలుస్తుంది.

బయల్దేరేరోజున ఇంటావిడ నా చేతిలో తన రంగు పాకెట్టు ఒకటి పెట్టింది. నా నల్లపాకెట్టు ఒకటి ఆవిడ సంచీలో పడేసుకుంది. ఇప్పుడు మా ఇంట్లోనూ తలుపు పక్కన ఒక సంచీ వేలాడుతోంది. కాగితాలు, మాత్రలు, టార్చి, ఈల, అడుగున ఆ పాకెట్టూ, ఒక దువ్వెనా. మీరూ ఒకటి కట్టుకోండి. ఏ ఊరికి ఏ ఆపద రాసిపెట్టి ఉందో ఎవరికి తెలుసు? సంచీలో అందరూ చెప్పేవన్నీ పెట్టుకోండి. వాటితోపాటు మిమ్మల్ని మీలా ఉంచే వస్తువు ఒక్కటైనా పెట్టుకోండి.

నెలకోసారి అద్దంలో పాపిట చూసుకుంటాను. తెల్లగీత కనపడగానే మా అమ్మాయికి ఫోను చేసి, "ఏమే, నేల ఎంత లేచింది?" అని అడుగుతాను. వెనకనుంచి ఇంటావిడ గొంతు వినపడుతుంది. వచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట గట్టిగా అరుస్తుంది: "అక్కా!"